స్కైలైన్ డ్రైవ్ మీద ఒక్క పూటలో కొండల ప్రయాణం ఎలా చేయాలి?

వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, మ్యూజియాలూ గుళ్లూ చూపించడం రెండు వారాల్లో అయిపోతుంది. ఇంకెక్కడికి తీసుకెళ్దాం అని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే చోటు. వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్క్, అందులో స్కైలైన్ డ్రైవ్. బ్లూ రిడ్జ్ కొండల వీపు మీదుగా 105 మైళ్లు సాగే రోడ్డు అది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా కారు దిగకుండానే కొండల్నీ లోయల్నీ కళ్లనిండా చూడొచ్చు.

అయితే మొత్తం 105 మైళ్లూ ఒకే రోజు పెట్టుకోవద్దు. స్పీడ్ లిమిట్ గంటకు 35 మైళ్లే. ఎక్కడా ఆగకపోయినా మూడు గంటలు పడుతుంది, ఆగుతూ వెళ్తే రోజంతా సరిపోతుంది. మొదటిసారి మేం అలాగే వెళ్లాం. మధ్యాహ్నానికి బాబుకి వాంతులు, అమ్మకు నడుం నొప్పి. చివరి నలభై మైళ్లు కిటికీలోంచి బయటికి చూసినవాళ్లే లేరు. అప్పటినుంచి ఎవరు అడిగినా ఉత్తర భాగం ఒక్కటే వెళ్లమంటాను. ఫ్రంట్ రాయల్ గేటు దగ్గర ఎక్కి థార్న్‌టన్ గ్యాప్ దగ్గర దిగేయడం, 31.5 మైళ్లు. నింపాదిగా ఆగుతూ వెళ్తే మూడు నాలుగు గంటలు.

1. రోజు ఎంచుకోవడం

ఆకులు రంగులు మారేది అక్టోబర్‌లో. సాధారణంగా నెల మధ్య నుంచి చివరి దాకా బాగుంటుంది. పైనున్న చెట్లు ముందు మారతాయి, ఆ రంగు మెల్లగా కిందికి దిగుతుంది. కానీ అక్టోబర్ శనివారం మధ్యాహ్నం వెళ్తే గేటు ముందు కార్ల వరస చూసి ప్రాణం ఉసూరుమంటుంది. వారం మధ్యలో సెలవు పెట్టుకోండి, లేదా ఉదయం ఎనిమిదికల్లా గేటు దాటండి. రంగుల కోసమే కాకపోతే మే చివర, జూన్ మొదట్లో వెళ్లినా ఎంతో బాగుంటుంది. అడవి అజేలియాలు, మౌంటెన్ లారెల్ పూలు రోడ్డు పక్కనే కనిపిస్తాయి.

నెల కంటే వాతావరణం ముఖ్యం. వేసవి ఉక్కపోతలో లోయ మీద మసక కమ్ముకుని దూరం కనిపించదు. వాన వెలిసి చల్లగాలి తిరిగిన మర్నాడు వెళ్తే కొండ వెనక కొండ లెక్కపెట్టొచ్చు. కింద ఎండ కాస్తున్నా పైన మబ్బు దిగి ఉండొచ్చు. అందుకే బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో కొండ మీది వెబ్‌క్యామ్ ఒకసారి చూడండి. మంచు పడితే రోడ్డు మూసేస్తారు. నవంబర్ మధ్య నుంచి జనవరి మొదటి రోజుల దాకా వేట సీజన్ కాబట్టి ఈ ఉత్తర భాగాన్ని సాయంత్రం 5 నుంచి ఉదయం 8 దాకా మూసి ఉంచుతారు. ఆ రోజుల్లో సూర్యాస్తమయం ప్లాన్ పెట్టుకోవద్దు.

2. బయల్దేరే ముందు

ట్యాంకు ఫ్రంట్ రాయల్‌లోనే నింపుకోండి. మ్యాపు ఫోన్‌లోకి దించుకోండి, పైన చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. జీపీఎస్‌లో పార్కు పేరు ఒక్కటే కొడితే లూరే దగ్గరున్న ఆఫీసుకు తీసుకెళ్లే అవకాశం ఉంది. అందుకని ఫ్రంట్ రాయల్ ఎంట్రన్స్ అని కొట్టండి. డీసీ నుంచి ఐ-66 మీద పడమరకు దాదాపు 70 మైళ్లు.

టికెట్టు కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు పనిచేస్తుంది. మనిషికి ఇంత అని కాదు, కాబట్టి ఏడుగురు పట్టే బండిలో ఏడుగురూ ఎక్కండి. ధరలు మారుతుంటాయి, ముందు రోజు సైట్‌లో చూసుకోండి. అక్కడే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే గేటు దగ్గర పని త్వరగా అవుతుంది. 62 ఏళ్లు దాటినవాళ్లకు ఇచ్చే సీనియర్ పాస్ అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు.

పైన సాధారణంగా కింది కంటే పది డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లగా ఉంటుంది, గాలి అదనం. పెద్దవాళ్లకు స్వెటరు, చెవులకు స్కార్ఫు మర్చిపోవద్దు. తిండి ఇంటినుంచే తీసుకెళ్లండి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ ముక్క ఉంటే ఇంకేం కావాలి! డిక్కీ రిడ్జ్ దగ్గర, ఎల్క్‌వాలో దగ్గర బల్లలున్న పిక్నిక్ స్థలాలు ఉన్నాయి. తిన్నాక ఒక్క మెతుకు కూడా వదిలి రావద్దు. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగుబంటి చివరికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

3. ఘాట్ రోడ్డు మీద నడపడం

తిరుమలలో ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకో దారి. ఇక్కడ అలా కాదు, రెండువైపులా వచ్చేవి ఒకే రోడ్డు మీద వస్తాయి, మధ్యలో పసుపు గీత మాత్రమే. మలుపుల్లో ఆ గీత దాటకండి. సైకిళ్లవాళ్లు కూడా ఉంటారు.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచితే బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, పట్టు తగ్గుతుంది. ఆటోమేటిక్ కారైనా డి నుంచి ఎల్‌కో ఎస్‌కో మార్చి, ఇంజినే వేగాన్ని ఆపేలా చేయండి. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపులో కాదు. వెనక కారు తొందరపడుతుంటే టెన్షన్ పడకుండా పక్కనున్న వ్యూ పాయింట్‌లోకి తిప్పి దారి ఇచ్చేయండి. కడుపు తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి, పిల్లల చేతిలో ఫోన్ ఉండనివ్వకండి. పొగమంచు దిగితే లో బీమ్ లైట్లే వేయాలి. హై బీమ్ వేస్తే ఆ వెలుగంతా మంచుకు తగిలి మన కళ్లలోనే పడుతుంది.

జింక రోడ్డు దాటిందంటే వెనక ఇంకొకటి ఉందనే అనుకోండి. ఎలుగుబంటి కనిపిస్తే కనీసం 150 అడుగుల దూరం ఉండాలి. ఫొటో కోసం రోడ్డు మధ్యలో ఆపకండి, దిగకండి.

4. ఎక్కడ ఆగాలి

ఈ రోడ్డు మీద మైలురాళ్లే చిరునామాలు. దక్షిణానికి వెళ్లేటప్పుడు మన కుడిచేతి పక్కన చిన్న స్తంభాల మీద అంకెలు కనిపిస్తాయి. ఫ్రంట్ రాయల్ గేటు సున్నా.

మైలు 4.6 దగ్గర డిక్కీ రిడ్జ్ విజిటర్ సెంటర్. బాత్రూమ్‌లు, మ్యాపు, ఆ రోజు సంగతులు చెప్పే రేంజర్లు. రోడ్డు దాటితే ఫాక్స్ హాలో అనే 1.2 మైళ్ల నడకదారి మొదలవుతుంది. ఓపిక ఉన్నవాళ్లు ఇది తప్పకుండా నడవాలి. అడవి మధ్యలో రాళ్లు కుప్పలు కుప్పలుగా కనిపిస్తాయి. కొండ జారిపడ్డ రాళ్లు కావవి, ఒకప్పుడు అక్కడ పొలం చేసుకున్నవాళ్లు దున్నేటప్పుడు ఏరి పోసినవి. ఇంకాస్త ముందుకు వెళ్తే ఫాక్స్ కుటుంబం సమాధులు, వాటి చుట్టూ నేలంతా అల్లుకున్న బిళ్లగన్నేరు జాతి తీగ. 1935లో ఈ పార్కు ఏర్పడటానికి వందల కుటుంబాలు ఊళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. చాలామంది ఇష్టపడి వెళ్లలేదు. మా నాన్నది గోదావరి జిల్లా. ఆ రాళ్లకుప్ప దగ్గర చాలాసేపు నిలబడి, పోలవరం కోసం ఖాళీ అయిన దేవీపట్నం వైపు ఊళ్ల గురించి మాట్లాడారు. ఆ పూట చూసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

అక్కడినుంచి రోడ్డు ఎక్కుతూ పోతుంది. ప్రతి వ్యూ పాయింట్‌లోనూ ఆగనక్కర్లేదు. ఉదయం వెళ్తే సూర్యుడు మన వెనక ఉంటాడు కాబట్టి పడమటి లోయ స్పష్టంగా కనిపిస్తుంది. దూరంగా ఉన్న కొండలు నీలంగా ఎందుకుంటాయని పిల్లలు అడుగుతారు. ఆ చెట్ల ఆకులు ఐసోప్రీన్ అనే వాయువును వదులుతాయి. అది గాలిలో కలిసి సన్నటి పొరలా పరుచుకుని వెలుగును చెదరగొడుతుంది. బ్లూ రిడ్జ్ అనే పేరు అందుకే.

మైలు 17 దగ్గర రేంజ్ వ్యూ. పేరుకు తగ్గట్టే కొండల వరస దక్షిణం దాకా సాగుతూ కనిపిస్తుంది. మైలు 21 దగ్గర హాగ్‌బ్యాక్. ఒక్కచోటే ఆగుతానంటే ఇక్కడ ఆగండి. పొడవాటి వ్యూ పాయింట్, కార్లు పెట్టుకోవడానికి చోటు బాగా ఉంటుంది. రాతిగోడ దగ్గర నిలబడి కిందికి చూడండి. లోయలో షెనాండోవా నది అటోసారి ఇటోసారి మెలికలు తిరుగుతూ పొలాల మధ్య మెరుస్తుంటుంది. గాలి శుభ్రంగా ఉన్న రోజు పదకొండు వంపులు లెక్కపెట్టొచ్చంటారు. అమ్మకు తొమ్మిది దొరికాయి. ఈ రోడ్డు వెంట ఉన్న రాతిగోడల మీద చెయ్యేసి చూడండి. 1930ల ఆర్థిక మాంద్యంలో పనిలేని యువకులకు ప్రభుత్వం ఉపాధి చూపించిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు మొదట పేర్చిన గోడలు అవి.

మైలు 24 దగ్గర ఎల్క్‌వాలో. భోజనం ఇక్కడ పెట్టుకోండి. సీజన్‌లో చిన్న కొట్టు, వేడి తిండి ఉంటాయి. బ్లాక్‌బెర్రీ మిల్క్‌షేక్ దొరికితే వదలొద్దు.

5. దిగే దారి

31.5 దగ్గర థార్న్‌టన్ గ్యాప్. పిల్లలుంటే అక్కడ దిగకుండా ఇంకో మైలు ముందుకు వెళ్లండి. 32.2 దగ్గర కొండను తొలిచి చేసిన మేరీస్ రాక్ సొరంగం ఉంది, 600 అడుగులకు పైగా పొడవు. హెడ్‌లైట్లు వేసుకుని దాటి, అవతలి వ్యూ పాయింట్‌లో తిప్పుకుని రండి. ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలే, పైన లగేజీ పెట్టిన పెద్ద బండ్లవాళ్లు కొలుచుకోవాలి.

తిరిగి గ్యాప్ దగ్గర 211 రోడ్డు పట్టుకోండి. తూర్పుకు తిరిగితే స్పెర్రీవిల్, వారెంటన్ మీదుగా ఇంటికి. పొద్దు ఉంటే పడమరకు తిరిగి లూరే గుహలు చూడొచ్చు. బొర్రా గుహలు చూసినవాళ్లకు కూడా బాగా నచ్చుతాయి. ఎటు తిరిగినా మొదటి కొన్ని మైళ్లు వాలు, మలుపులు. అలసిపోయి ఉంటారు కాబట్టి లో గేరు ఇక్కడే ఎక్కువ అవసరం.

రసీదు మాత్రం పారేయకండి. ఏడు రోజులు చెల్లుతుంది. ఆలోపు ఇంకో రోజు ఇదే థార్న్‌టన్ గ్యాప్ దగ్గర ఎక్కి, బిగ్ మెడోస్ దాకా ఇంకో 20 మైళ్లు వెళ్లి రావచ్చు.