మధ్యాహ్నం మూడింటికి కూడా బాగుండాలి: ఎండాకాలం బట్టల జాగ్రత్తలు

ఉదయం తొమ్మిదింటికి, ఫ్యాను కింద, అద్దం ముందు ఏ డ్రెస్సయినా బాగానే ఉంటుంది. దాని అసలు సంగతి మధ్యాహ్నం మూడింటికి బయటపడుతుంది. నాకీ విషయం ఒక బూడిద రంగు కుర్తీ నేర్పింది. ఓ ఏప్రిల్‌లో ఇంటర్వ్యూకని ముచ్చటపడి వేసుకెళ్లాను. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగి పది నిమిషాలు నడిచేసరికి చంకల కింద అరచేయంత మరకలు, వీపు మీద ఇండియా మ్యాపు. ఆ తర్వాత ఏసీ గదిలో గంటసేపు చేతులు కట్టుకునే కూర్చున్నాను. ఈ అమ్మాయికి ఎంత వినయమో అనుకుని ఉంటారు పాపం.

అప్పటినుంచి ఎండాకాలం బట్టలు ఏవి కొన్నా మూడు గంటల వేళని తలుచుకునే కొంటున్నాను. ఇంకా మార్చి దాటకముందే మీరూ బీరువా తెరిచి ఒకసారి చూసుకోండి.

ముందు రంగు. చెమట కొట్టొచ్చినట్టు కనిపించేది బూడిద, లేత నీలం, ఆలివ్ లాంటి ప్లెయిన్ రంగుల మీద. తెలుపు, మీగడ రంగు, బాగా ముదురు నేవీ బ్లూ, చిన్న చిన్న పూల ప్రింట్లు తడిని చాలావరకు దాచేస్తాయి. నలుపు ఎండాకాలంలో వద్దే వద్దంటారు మా అమ్మలాంటి వాళ్లు. నేను పూర్తిగా ఒప్పుకోను. వదులుగా ఉన్న పల్చటి నూలుదైతే సాయంత్రం షికారుకి దివ్యంగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద మాత్రం వీపు కాలిపోతుంది, అక్కడ అమ్మ మాటే నిజం.

తెల్ల కుర్తీ కొనేటప్పుడు షాపులో లైట్ల కింద చూసి మోసపోకండి. కుర్తీ లోపల చెయ్యి పెట్టి, గుమ్మం దగ్గరికెళ్లి వెలుతురుకి పట్టి చూడండి. వేళ్లు లెక్కపెట్టగలిగితే లైనింగో స్లిప్పో తప్పదు. ఆ స్లిప్పు తెల్లది వద్దు. తెలుపు కింద తెలుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నది తీసుకుంటే లోపల ఏదో ఉందని కూడా తెలియదు. కుట్టించుకునేవాళ్లయితే లైనింగ్ కూడా కాటన్‌దే కావాలని టైలర్‌కి గట్టిగా చెప్పాలి. పైన మంచి నూలు గుడ్డ ఇచ్చి లోపల పాలిస్టర్ క్రేప్ లైనింగ్ వేయించుకుంటే ఒంటికి తగిలేది ఆ క్రేపే కదా. ఇంకో మాట, చంక దగ్గర అర అంగుళం లూజు ఎక్కువ పెట్టించుకోండి. మిగతా ఫిట్టింగ్ ఎంత చక్కగా ఉన్నా, అక్కడ బిగిస్తే మరక పడేది అక్కడే, కుట్టు పిగిలేదీ అక్కడే.

ఇక గుడ్డ. అసలు కథంతా ఇక్కడే ఉంది. "ప్యూర్ కాటనే మేడమ్" అని షాపులో ఎవరైనా అంటారు. లోపలి లేబుల్ చూడండి. కాటన్ ఫీల్, కాటన్ టచ్, కాటన్ బ్లెండ్ అని ఉంటే అందులో పాలిస్టర్ ఎంతో కొంత కలిసి ఉండొచ్చు. లేబుల్ లేని మెటీరియలైతే ఇంటికొచ్చాక అంచు నుంచి ఒక పోగు లాగి, సింకు దగ్గర జాగ్రత్తగా అగ్గిపుల్లతో అంటించండి. నూలు పోగు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకుపోయి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. ఆ పూసే మే నెలలో మీ వీపు మీద ఉండబోతోంది అనుకోండి.

రేయాన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మూడొందల రూపాయల కుర్తీల్లో చాలావరకు అదే. దాన్ని చెక్క గుజ్జు నుంచి తీస్తారు. ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, జారుతుంది, ఫోటోల్లో అందంగా పడుతుంది. కానీ చెమట పీల్చాక బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది, మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. తడిసినప్పుడు బలహీనపడుతుంది కాబట్టి గట్టిగా పిండితే సాగిపోతుంది. కొనొద్దని కాదు. ఒక సైజు పెద్దది తీసుకోండి, ఇంట్లోకో సాయంత్రాలకో ఉంచుకోండి. లినెన్‌ది వేరే గొడవ. అవిసె జాతి మొక్క నారతో నేస్తారు, గాలి బాగా ఆడుతుంది, కానీ కూర్చుని లేచేసరికి మడతలే. ఆ మడతలే దాని అందం అనుకోగలిగితే కొనండి. రోజూ ఇస్త్రీ చేసే ఓపిక ఉందనుకుని మాత్రం కొనకండి. ఆ ఓపిక ఉండదు, నాకు తెలుసు.

నన్నడిగితే మన నేతల ముందు ఇవేవీ నిలవవు. మంగళగిరి నూలు చూడండి. గుడ్డ మధ్యలో డిజైన్ ఏమీ లేకుండా, నిజాం అంచు అనే జరీ అంచు ఒక్కటే. మూడు మీటర్ల మెటీరియల్ తెచ్చి మోకాలి కింద వరకు కుర్తీ కుట్టించి, అంచుని చేతుల దగ్గరకి తెప్పిస్తే చాలు, వేరే నగ అక్కర్లేదు. కుట్టించే ముందు ఒక పూట నీళ్లలో నానబెట్టి నీడన ఆరేయండి. ఈ పని మర్చిపోయి కుట్టించిన నా మెరూన్ కుర్తీ ఇప్పుడు మా చెల్లికి సరిపోతోంది. పెడన కలంకారీ ప్రింటు పలాజోల మీదికి ప్లెయిన్ తెల్ల టీషర్టు చాలా బాగుంటుంది. కాకపోతే మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో. ఎర్ర కలంకారీని తెల్ల టీషర్టుతో కలిపి బకెట్‌లో వేస్తే రెండోది గులాబీ అవుతుంది. పోచంపల్లి ఇక్కత్ ముదురు రంగులకీ ఇదే మాట.

ఊరిని బట్టి కూడా కొంచెం మార్చుకోవాలి. బెజవాడ, బందరు, విశాఖ వైపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అందుకే తక్కువ వేడికే ఎక్కువ ఉక్కపోస్తుంది. వాతావరణ శాఖ కూడా వడగాలులు ప్రకటించడానికి కనీసం మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు ఉండాలని పెట్టుకుంది. ఈ వైపు వాళ్లు వదులుకి పెద్దపీట వేయాలి. గాలి లోపలికి వెళ్లి బయటికి రావాలి. రామగుండం, కొత్తగూడెం లాంటి చోట్ల గాలే నిప్పులా కొడుతుంది. అక్కడ చేతుల్లేని టాప్ కన్నా పల్చటి నూలు ఫుల్ హ్యాండ్స్ చల్లగా అనిపిస్తుంది. నమ్మకపోతే ఒకరోజు వేసుకుని చూడండి.

లెగ్గింగ్స్, స్కిన్నీ జీన్స్ మే నెలకి సెలవు పుచ్చుకోవాలి. ఇది స్టైల్ కోసం చెప్పడం లేదు. బిగుతుగా, చెమటతో తడిసి, గాలాడని చోటే తామర పుడుతుంది. తొడల మధ్య, నడుము పట్టీ దగ్గర గుండ్రంగా దురద మొదలైతే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ట్యూబ్ తెచ్చి రాసేసుకోకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ పాకుతుంది, మొండికేస్తుంది. సిగ్గుపడకుండా చర్మ డాక్టర్‌కి చూపించండి. లోదుస్తులు నూలువే, తడిస్తే మధ్యలో మార్చుకోవాలి. లెగ్గింగ్స్‌కి బదులుగా పాదం పైన ఆగే స్ట్రెయిట్ కాటన్ ప్యాంటు, జేబులున్నది, రెండు రంగుల్లో కొనిపెట్టుకుంటే సీజనంతా గడిచిపోతుంది.

అన్నిటికంటే భయపడాల్సింది చున్నీ విషయంలో. స్కూటీ మీద వెళ్తున్నప్పుడు చున్నీ కొస వెనక చక్రంలో చిక్కుకుంటే మెడకి బిగుసుకోవడం క్షణంలో పని. ఇది ఊరికే బెదిరింపు కాదు, నిజంగా ప్రాణాలు పోయిన ప్రమాదాలున్నాయి. వెనక కూర్చున్నవాళ్లకి ఇంకా ప్రమాదం, కొస చక్రానికి దగ్గరగా వేలాడుతుంది. బండెక్కే ముందు రెండు కొసలూ నడుము దగ్గర ముడేయండి, లేదా తీసి బ్యాగులో పెట్టేయండి. ముఖానికి స్కార్ఫ్ కట్టుకుంటే పల్చటి నూలుది కట్టుకుని, కొసలు డ్రెస్సు లోపలికి దోపి, దాని మీద హెల్మెట్ పెట్టి పట్టీ బిగించండి. సిల్కు స్కార్ఫ్ మీద హెల్మెట్ జారుతుంది. పలాజో అంచు, లాంగ్ స్కర్టు కూడా అంతే. మెట్రో ఎస్కలేటర్ మీద ఒక చేత్తో కొంచెం పైకి పట్టుకోండి.

మిగతావి చిన్నవే గానీ చికాకువి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా చూసుకుని ముఖం, మెడ, చేతులతో పాటు పాదాల మీద కూడా రాయండి. చెప్పు పట్టీల గీతలు అక్టోబరు దాకా పోవు. పెర్ఫ్యూమ్ మెడ మీద కొట్టుకుని ఎండలోకి వెళ్తే కొన్ని రకాలకి నల్లటి మచ్చలు పడతాయి. బయల్దేరే ముందు బట్టల లోపలి మడత మీద కొట్టుకోండి. చెమటకి గిల్టు నగల్లోని నికెల్ దురద పెడుతుంది. జీన్స్ బొత్తాం దగ్గర బొడ్డు కింద వచ్చే దద్దురు కూడా చాలాసార్లు దానివల్లే. చలువ కళ్లద్దాలు యూవీ 400 అని రాసి ఉన్నవే కొనాలి. ఉత్త నల్ల అద్దాల చీకటికి కంటిపాప పెద్దదై, వడపోత లేని ఎండ ఇంకాస్త లోపలికి వెళ్తుంది.

ఆఫీసులో ఏసీ ఉంటే బ్యాగులో ఒక పల్చటి స్టోల్ పెట్టుకోండి. దానితో పాటు నాలుగు పిన్నీసులు, ఒక మడత టీషర్టు.

జూన్ మొదట్లో మృగశిర రాగానే తెల్లవన్నీ బీరువాలోకి వెళ్లిపోతాయి. గంజి పెట్టిన బట్టల్ని అలాగే మడిచి దాచకండి, ఆ గంజి వాసనకి పురుగులు చేరి గుడ్డని కొరికేస్తాయి. ఒకసారి మామూలు నీళ్లలో జాడించి, బాగా ఆరాక, నేత చీరలు చుట్టిపెట్టే పాత నూలు గుడ్డలోనే చుట్టి పెట్టండి.