ఎండాకాలంలో బుల్లి సైన్యానికి రంగులేసేవాళ్లకు

తిరుపతి మే నెల ఎండకు, పైన ఫ్యాన్ తిరుగుతుంటే, అక్రిలిక్ రంగు ప్లేట్లో పోసిన ఐదు నిమిషాలకే తెట్టె కడుతుంది. ఆ ముద్దతో 28 మి.మీ. సైజు ఓర్క్ బొమ్మ (బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లోని కోరల రాక్షసుడు) ముఖానికి పూత వేస్తే కళ్లూ కోరలూ పూడిపోతాయి.

రంగు ఆరిపోకుండా ఉండాలంటే, మూత బిగుతుగా పట్టే పాత టిఫిన్ డబ్బా తీసుకోండి. అడుగున టిష్యూ నాలుగు మడతలు పరిచి తడపండి, నీళ్లు మాత్రం పైకి తేలకూడదు. దాని మీద కేకులకు వాడే బేకింగ్ పేపర్ పరిచి, రంగులు దానిపైనే కలుపుకోండి. మైనం పూత కాగితమైతే తడిని పైకి రానివ్వదు, దండగ.

మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడూ పనికొస్తుంది. డబ్బా మీద పేరు రాయండి. నా ఓర్క్ పచ్చరంగును మా అమ్మ కొత్తిమీర పచ్చడనుకుని దోసెల పక్కన పెట్టేసింది.