ఫ్రెట్ పాఠాలు – 5: వెలుతురు పెంచితే ఏమవుతుంది, తిప్పితే ఏమవుతుంది

ఉత్తేజితమైన ఒక అణువు (దాత) తనే వెలుగు చిమ్మకుండా శక్తిని పక్కనున్న అణువుకు (గ్రహీత) అందించడమే ఫ్రెట్. పోయిన పాఠం చివర చిన్న ప్రశ్నే కదా అని ఇచ్చాను. దాత, గ్రహీత అణువుల మధ్య దూరం సరిగ్గా ఫోర్‌స్టర్ దూరమంత (సగం దాతలు శక్తిని అందించే దూరమంత) ఉంది, కాబట్టి దక్షత, అంటే శక్తి అందించిన దాతల వంతు, 50 శాతం. దీపం తీవ్రత రెట్టింపు చేస్తే దక్షత ఎంత? చాలామంది 100 అన్నారు. ఒకరైతే నాలుగింతలకు 200 అని లెక్కకట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకానికి సగం మార్కులు ఇచ్చేశాను. ధ్రువణం (కాంతి ఒకే దిశలో కంపించడం) కాసేపు ఆగాలి, ముందు ఇది తేలాలి.

దక్షత ఒక నిష్పత్తి. 1000 దాతలు ఉత్తేజితమైతే 500 తమ శక్తిని గ్రహీతలకు ఇచ్చాయి. వెలుతురు రెట్టింపు చేస్తే 2000 ఉత్తేజితమై 1000 ఇస్తాయి. గ్రహీత మెరుపు రెండింతలవుతుంది, నిజమే. దాత మెరుపూ అంతే పెరుగుతుంది. ఫోటాన్ మింగిన దాతకు ఉండే గడువు కొన్ని నానోసెకన్లు. ఈలోపు తనే వెలుగు చిమ్మాలా, పక్కదానికి శక్తి అందించాలా? బయట ఇంకెన్ని ఫోటాన్లు వస్తున్నాయో దానికి అనవసరం. దూరం సగమైతే 98.5 శాతం, రెట్టింపైతే 1.5 శాతం. ఇదంతా దక్షత సూత్రంలో దూరానికి ఉన్న ఆరో ఘాతం పని.

తీవ్రత మరీ పెంచితే మాత్రం దక్షత మారుతుంది, అదీ కిందికే. గట్టి లేజర్ కింద గ్రహీత అప్పటికే ఉత్తేజిత స్థితిలో ఉంటే, దాత తలుపు తట్టినా మామూలుగా తీసుకోలేదు. పైగా గ్రహీతలు మాడిపోతాయి. అందుకే నేను తీవ్రతను సగం చేసి మళ్లీ కొలుస్తాను. దక్షత కదలకపోతే సరే, పెరిగిందంటే మొదటి కొలత చెత్తబుట్టకే.

ఇక ధ్రువణం. ధ్రువిత కాంతి అణువులను ఎంచుకుంటుంది. అణువు ద్విధ్రువం (అది కాంతిని మింగే, చిమ్మే దిశను చూపే బాణం లాంటిది) కాంతి విద్యుత్ క్షేత్రానికి సమాంతరంగా ఉంటే పూర్తి అవకాశం, 60 డిగ్రీల్లో పావు వంతు, 90లో సున్నా. కొసైన్ వర్గం, అంతే.

పోలరైజర్ (ఒక్క దిశలో కంపించే కాంతినే వదిలే పలక) విషయంలో నాకు చిరాకు తెప్పించే పొరపాటు ఇక్కడే ఉంది: "పోలరైజర్ తిప్పితే కప్పా వర్గం మారుతుంది." మారదు! కప్పా వర్గం అంటే రెండు ద్విధ్రువాల అమరిక శక్తి అందించడానికి ఎంత అనుకూలమో చెప్పే అంకె. దానిలో ఉన్న కోణాలు దాత ద్విధ్రువం, గ్రహీత ద్విధ్రువం, రెంటినీ కలిపే గీత, వీటి మధ్యవి. అందులో దీపం లేదు, పోలరైజర్ లేదు, మీ బల్ల లేదు. జంటను అలాగే పట్టుకుని గదిలో ఎటు తిప్పినా ఆ అంకె అదే. ద్రావణంలో జంటలు అన్ని దిక్కులకూ ఉంటాయి కాబట్టి నిలువు కాంతి ఎంచుకున్నవాటి సగటు దక్షతా, అడ్డ కాంతి ఎంచుకున్నవాటి సగటు దక్షతా ఒకటే. పొరలోనో స్ఫటికంలోనో అణువులు వరుసగా పేర్చి ఉంటే వేర్వేరు గుంపులు దొరకవచ్చు. అప్పుడు కూడా మారింది గుంపు, జంట కాదు.

కొలతలో మోసం వేరే చోట ఉంది. దాత వెలుగు ధ్రువణం నిలుపుకుంటుంది, గ్రహీత వెలుగు చాలావరకు పోగొట్టుకుంటుంది. డిటెక్టర్ ముందు పోలరైజర్‌ను ఇష్టమొచ్చినట్టు పెడితే రెంటి నిష్పత్తి తప్పుతుంది. నిలువు కాంతితో ఉత్తేజపరిచి, నిలువు నుంచి 54.7 డిగ్రీల్లో బిగించేసి మరిచిపోండి. నేను చేసేది అదే.

ఈ పోగొట్టుకోవడమే పనికొచ్చే సందర్భమూ ఉంది. ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగును గ్లిజరిన్‌లో పలచగా కలిపితే ఎనైసోట్రోపీ (వెలుగు ఎంత ధ్రువణం నిలుపుకుందో చెప్పే అంకె) ఎక్కువ. అణువులు తిరగడానికి ఆ చిక్కదనం అడ్డం. గాఢత పెంచుతూ పోతే రంగు దాదాపు అదే ఉన్నా ఎనైసోట్రోపీ పడిపోతుంది: శక్తి ఒక ఫ్లోరెసీన్ నుంచి ఇంకో ఫ్లోరెసీన్‌కు దూకుతోంది. గవియోలా, ప్రింగ్‌షైమ్ 1924లోనే గాఢతతో ధ్రువణం తగ్గడాన్ని రాశారు. ఫోర్‌స్టర్ సిద్ధాంతం వచ్చింది 1948లో.

అభ్యాసం: సమాంతర తీవ్రత 300, లంబ తీవ్రత 150 అయితే ఎనైసోట్రోపీ ఎంత? ఇది రెండు నిమిషాల పని. రెండోది: కప్పా వర్గం 2/3 (అణువులు గడువులోపే అన్ని దిక్కులకూ స్వేచ్ఛగా తిరిగితే వచ్చే సగటు) అనుకుని దూరం 5 నానోమీటర్లని తేల్చారు, నిజంగా కప్పా వర్గం 4. అసలు దూరం ఎంత? మూడోది: జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) ఉత్తేజితంగా ఉండే ఆయువు సుమారు 3 నానోసెకన్లు, అది తిరగడానికి 10కి పైనే పడుతుంది. అలాంటప్పుడు ఆ 2/3ని నమ్మవచ్చా? అర పేజీ రాయండి. అవును, కాదు అని ఒక్క ముక్కలో పంపితే చదవను.