టర్బో బూస్ట్, 4వ పాఠం: గేజ్ 0.7 అంటోంది, లాగ్ 1.7 అంటోంది

బూస్ట్ (టర్బో ఇంజనులోకి అదనంగా నొక్కే గాలి ఒత్తిడి) పెంచే పని ఈ పాఠంలోనే మొదలవ్వాలి. కానీ మూడో పాఠంలోని లీక్ టెస్టు (టర్బో నోటికి మూత బిగించి, కంప్రెసర్‌తో గాలి ఎక్కించి లీకులు వెతకడం) దగ్గరే చాలామంది ఆగిపోయారు. అది తేలకుండా ముందుకు వెళ్తే ఇంజనుకే ముప్పు.

"గాలి ఎక్కిస్తుంటే నిలవడం లేదు" అన్నవాళ్లు ముందు చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో వినండి. ఆయిల్ పోసే మూత దగ్గర బుసబుసమంటే గాలి పీసీవీ హోసు (క్రాంక్‌కేసు ఆవిర్లను ఇంజను గాలి దారిలోకి పంపే గొట్టం) గుండా క్రాంక్‌కేసులోకి పోతోంది. ఆ హోసును విడదీసి రెండు వైపులా మూసేయండి, లేకపోతే క్రాంక్ సీళ్లు బయటికి తన్నుకొస్తాయి. సైలెన్సర్‌లో వినిపిస్తే ఒక సిలిండరులో రెండు వాల్వులూ తెరిచి ఉన్నట్టు. క్రాంక్ పుల్లీని పావు తిప్పు తిప్పండి. ఇవి రెండూ లీకులు కావు. అసలు లీకులు సబ్బునీళ్లు కొడితే హోసు క్లిప్పుల దగ్గర, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) చివరి ట్యాంకుల దగ్గర బుడగలుగా కనబడతాయి. రెగ్యులేటర్ లేని కంప్రెసర్ వాడొద్దు, 1 బార్ దాటొద్దు. టర్బో నోటికి పీవీసీ మూత సరిగా కూర్చోకపోతే ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా కొలత ఇచ్చి అల్యూమినియం మూత చేయించుకోండి. మామూలు స్క్రూ క్లిప్పుల బదులు టీ-బోల్ట్ క్లాంపులు వేయడమే నాకిష్టం.

ఇక రెండో చిక్కు. "గేజ్‌లో 0.7, ఓబీడీ లాగ్‌లో 1.7, సెన్సర్ పాడైందా?" పాడవలేదు. గేజ్ బయటి గాలిని సున్నాగా లెక్కిస్తుంది. ఓబీడీ లాగ్‌లోని అంకెలు ఇచ్చే ఈసీయూ (ఇంజను కంప్యూటర్) శూన్యం నుంచి లెక్కిస్తుంది, అదే అబ్సల్యూట్. బెజవాడలో బయటి గాలి దాదాపు 1 బార్ కాబట్టి తేడా 1. ట్యూనర్ ఇచ్చిన మ్యాప్‌లో (ఈసీయూ సెట్టింగుల పట్టికలో) 2000 మిల్లీబార్ అని ఉంటే గేజ్ మీద అది 1.0 మాత్రమే. దాన్ని 2.0 అనుకుని బూస్ట్ కంట్రోలర్ తిప్పితే పిస్టన్లు పోతాయి. సెన్సర్‌కూ ఇదే లెక్క: 2.5 బార్ సెన్సర్ గేజ్ లెక్కన 1.5 దాటితే చదవలేదు.

అరకు వెళ్లినప్పుడు ఏమవుతుందో చూడండి. 900 మీటర్ల ఎత్తులో బయటి గాలి సుమారు 0.9 బార్. ఈసీయూ 1.8 అబ్సల్యూట్‌నే పట్టుకుంటే టర్బో గాలిని రెండింతలు నొక్కాలి, బెజవాడలో అయితే 1.8 రెట్లు చాలు. వేస్ట్‌గేట్ (బూస్ట్ మితిమీరకుండా ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి వదిలే తలుపు) స్ప్రింగు మాత్రమే ఉన్న బండిలో గేజ్ అంకె అంతే ఉంటుంది, అబ్సల్యూట్ తగ్గుతుంది. ఏ కంట్రోల్ ఏ లెక్క చూస్తుందో తెలియకుండా ఏదీ తిప్పకండి.

ఇప్పుడు పెంచడం. ఒక్కసారికి 0.1 బార్, అంతకు మించొద్దు. ప్రతి 0.1కీ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ కొట్టే క్షణం) డిగ్రీన్నర తగ్గించి మొదలుపెట్టండి. ప్లగ్ గ్యాప్ 0.7 మి.మీ. లాగ్‌లో ఏ సిలిండరులోనైనా నాక్ రిటార్డ్ (పెట్రోల్ అదుపు తప్పి పేలుతోందని ఈసీయూ టైమింగ్ తగ్గించడం) 3 డిగ్రీలు దాటినా, ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం వాటా) 85 శాతం దాటినా, ఫుల్ థ్రాటిల్‌లో లాంబ్డా (గాలి-పెట్రోల్ పాళ్ల కొలత; 1 అంటే సరిపాళ్లు, తగ్గితే పెట్రోల్ ఎక్కువ) 0.82 కంటే పైకి పోయినా ఆపి, వెనక్కి తగ్గండి. బంకుల్లో ఇప్పుడు ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) కాబట్టి ఏఎఫ్‌ఆర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి) అంకెను నమ్మొద్దు, లాంబ్డానే చూడండి. చవక బ్లీడ్ వాల్వులు (వేస్ట్‌గేట్‌కు వెళ్లే ఒత్తిడిని కొంత బయటికి వదిలేసేవి) నాకు నచ్చవు, ఈసీయూకి తెలియకుండా బూస్ట్ పెంచేస్తాయి. ఈసీయూ నడిపే త్రీ-పోర్ట్ సోలినాయిడ్ వాల్వు మేలు. వేస్ట్‌గేట్‌కు ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ (దాన్ని కదిపే మోటారు) ఉన్న బండిలో దాని రాడ్ అసలు ముట్టుకోవద్దు.

మన ఎండ కూడా లెక్కలోకి రావాలి. బయట 42 డిగ్రీలుంటే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, 0.8 బూస్ట్‌కు టర్బో నుంచి వచ్చే గాలి 124 డిగ్రీలు, 1.0కు 141. ఆ వేడి దించాల్సింది ఇంటర్‌కూలరే.

అభ్యాసం: మీ బండి సెన్సర్ పరిమితి కనుక్కుని, గేజ్ 0.7, 0.8, 0.9లకు బెజవాడలోనూ అరకులోనూ అబ్సల్యూట్ ఎంతో, టర్బో ఎన్ని రెట్లు నొక్కాలో పట్టిక వేయండి. తర్వాత బూస్ట్ ముట్టుకోకుండా, ఒకే బంకు పెట్రోల్‌తో, ఒకే రోజు ఉదయం ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద లాగ్ తీయండి. గుంటూరు హైవే మీద ఈ పరుగులు వద్దు, సర్వీసు రోడ్డు నుంచి ఆటో ఎప్పుడు దూసుకొస్తుందో చెప్పలేం. రెండు లాగ్‌లలో టైమింగ్ 2 డిగ్రీలకు మించి తేడా వస్తే, ఇంటర్‌కూలర్ మార్చేదాకా 0.1 కూడా పెంచకండి.