పాఠం 3: వేళ్లతో చదివే గ్రహణం

సైన్స్ ప్రదర్శనలో దారి ఎంత వెడల్పు వదలాలో, చక్రాల కుర్చీలో వచ్చినవారికి బల్ల ఎంత ఎత్తుండాలో గత పాఠంలో చూశాం. ఈసారి చూపు లేనివారు తడిమి తెలుసుకునే బొమ్మ చేద్దాం. సంపూర్ణ సూర్యగ్రహణమే ఎందుకంటే, "అది చూసేవాళ్లకే కదా" అని వాళ్లను పక్కన పెట్టేసే విషయాల్లో ఇది ముందుంటుంది. అది చాలా అన్యాయం. గ్రహణమంటే మూడు గోళాలు, ఒక నీడ. ఆ అమరిక వేళ్లకు చక్కగా అందుతుంది.

ఏ4 సైజు మందపాటి అట్ట, ఉప్పుకాగితం, మఖ్మల్ గుడ్డ, నున్నటి ప్లాస్టిక్ షీటు, గట్టి దారం, చిన్న పూస, జిగురు తెచ్చుకోండి.

అట్టను అడ్డంగా పెట్టి, ఎడమ అంచున 9 సెం.మీ. వ్యాసంతో ఉప్పుకాగితం సూర్యుణ్ణి అంటించండి. సూర్యుడి మధ్య నుంచి 15 సెం.మీ. దూరంలో 2 సెం.మీ. మఖ్మల్ చంద్రుడు. అక్కణ్ణుంచి ఇంకో 6 సెం.మీ. అవతల 4 సెం.మీ. నున్నటి భూమి. మూడింటి కేంద్రాలూ ఒకే గీత మీద ఉండాలి. సూర్యుడి పై అంచు నుంచి చంద్రుడి పై అంచును తాకుతూ ఒక దారం, కింది అంచుల వెంట ఇంకోటి లాగండి. ఈ కొలతలతో అవి దాదాపు భూమి అంచు దగ్గరే కలుస్తాయి. అక్కడ పూస అంటించండి. సంపూర్ణ గ్రహణం కనిపించేది ఆ చోటే.

పుస్తకాల్లో పాక్షిక నీడ (సూర్యుడు కొంత భాగమే కప్పబడి కనిపించే చోటు) గీతలు కూడా ఉంటాయి. వాటిని ఇక్కడ కలపకండి. కన్ను బొమ్మంతా ఒక్కసారే పట్టేస్తుంది, వేలు ముక్కముక్కగా కూడబలుక్కుంటుంది. దారాలు ఒకదాన్నొకటి దాటాయంటే తాను ఏ దారం వెంట పోతోందో వేలికి తెలియదు. పాక్షిక నీడకు రెండో అట్ట చేయండి. వేర్వేరుగా తెలియాల్సిన గీతల మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ వదలండి.

పేర్లు బ్రెయిలీలో పెడితే చుక్కల సైజు పెంచకండి. ఒక అక్షరంలో చుక్కకీ చుక్కకీ దూరం సుమారు 2.5 మి.మీ. అంతకు పెద్దదైతే అక్షరం వేలి కింద ఇమడదు. బ్రెయిలీ రానివారూ ఉంటారు కాబట్టి నోటితోనూ చెప్పండి.

ఒక మాట మాత్రం తప్పకుండా చెప్పాలి. నిజానికి సూర్యుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి సుమారు 400 రెట్లు. దూరం కూడా దాదాపు అన్ని రెట్లే. అందుకే చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పగలుగుతున్నాడు. చెప్పకపోతే అట్ట మీది కొలతలే నిజమనుకుంటారు.

చూపించేటప్పుడు చెయ్యి పట్టుకుని లాగకండి. "సూర్యుడు మీ ఎడమ వైపున్నాడు, అక్కణ్ణుంచి మొదలుపెడతారా?" అని అడిగి ఆగండి. వాళ్లు తడుముతున్నంతసేపూ తొందరపెట్టకండి.

అభ్యాసం: చూపు లేని ఒకరికి బొమ్మ ఇచ్చి, పూస దగ్గర నిలబడినవారికి ఏం జరుగుతుందో చెప్పమనండి. ఎక్కడ తడబడ్డారో రాసుకుని ఆ భాగం మళ్లీ అంటించండి. ఆ కాగితం వచ్చే పాఠానికి కావాలి, బొమ్మకు తోడుగా వినిపించే మాటలు దాన్ని బట్టే రాస్తాం.