కొత్త ట్యూబ్ వారానికే నల్లబడుతోందా? చోక్‌ని అనుమానించండి

ట్యూబ్‌లైట్ వెలగకపోతే మనవాళ్లు ముందు షాపుకెళ్లి కొత్త ట్యూబ్ తెస్తారు. అదీ వెలగకపోతే అప్పుడు ఫోన్ చేస్తారు. తీరా వెళ్తే చాలా ఇళ్లలో నేను చేసేది స్టార్టర్ మార్చడమే. కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే ఈ రెండు పనులు చేయండి. స్విచ్ ఆపి ట్యూబ్‌ని హోల్డర్‌లోంచి తీసి, పిన్నులకి పట్టిన చిలుము గీకి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి తిప్పండి. తర్వాత పక్కగదిలో బాగా వెలుగుతున్న లైటు నుంచి స్టార్టర్ తెచ్చి ఇందులో పెట్టండి.

నేను చెప్పేది కాపర్ చోక్ (రాగి తీగ చుట్టిన కాయిల్), స్టార్టర్ ఉండే నాలుగడుగుల 36 లేదా 40 వాట్ల ట్యూబ్ సంగతి. దీని వైరింగ్ ఒక్కటే లైను: ఫేజ్ స్విచ్ మీదుగా చోక్‌కి, చోక్ నుంచి ట్యూబ్ ఒక చివరి పిన్నుకి, అదే చివర రెండో పిన్ను నుంచి స్టార్టర్‌కి, స్టార్టర్ నుంచి అవతలి చివరికి, అక్కడ మిగిలిన పిన్ను న్యూట్రల్‌కి. స్టార్టర్ లోపలి పత్తీలు (చిన్న లోహపు రేకులు) కలిసి ఉన్నంతసేపూ రెండు ఫిలమెంట్లూ వేడెక్కుతాయి. అవి విడిపోయిన క్షణంలో చోక్ ఒక్క వోల్టేజ్ దెబ్బ కొడుతుంది, ట్యూబ్ అంటుకుంటుంది. వెలిగాక కరెంటు హద్దు దాటకుండా ఆపేది కూడా చోకే. ఈ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పని ఉంది.

రెండు చివరలూ ఎర్రగా ఉండి, మధ్యలో వెలుగు లేదు

స్టార్టర్ పత్తీలు అతుక్కుపోయాయి. లైటు ఆన్‌లో ఉండగానే స్టార్టర్ తిప్పి బయటికి లాగండి. ట్యూబ్ వెలిగిందంటే తప్పు స్టార్టర్‌దే. వెలగక చివరలు కూడా ఆరిపోతే ట్యూబ్ ముసలిదైనా అయ్యుండాలి, వోల్టేజ్ అయినా తక్కువుండాలి.

మిణుకు మిణుకుమంటూ ఆగదు

స్టార్టర్ మార్చినా అదే తంతు అయితే చివరలు చూడండి. నల్లగా మారి ఉంటే ట్యూబ్ పని అయిపోయింది. మోటార్లు ఆడే సాయంత్రం వేళ మాత్రమే ఇలా అవుతుంటే మీటర్ పెట్టి వోల్టేజ్ చూడండి. 180కి అటూ ఇటూ పడిపోతే కాపర్ చోక్ మీద ట్యూబ్ అంటుకోవడం కష్టం. కొత్త ట్యూబ్‌లో వెలుగు పాములా మెలికలు తిరిగితే కంగారు పడొద్దు, కాసేపు వెలిగితే సర్దుకుంటుంది. లంబసింగి, అరకు చలిలో అంటుకోవడానికి సతాయించడం కూడా మామూలే.

ఏమీ లేదు, చప్పుడు కూడా లేదు

ట్యూబ్ తీసి ఒక్కో చివర రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టండి. కొద్ది ఓమ్‌లు చూపించాలి. చూపించకపోతే ఫిలమెంట్ తెగింది. రెండు చివరలూ బాగుంటే, ట్యూబ్ తీసి ఉంచే స్విచ్ వేసి, టెస్టర్ చోక్‌కి ఇటూ అటూ పెట్టండి. ఇటు ఫేజ్ ఉండి అటు లేకపోతే చోక్ తెగింది.

కొత్త ట్యూబులు వరసగా పోతున్నాయి

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. కొత్త ట్యూబ్ పెడితే వెలుగుతుంది, మామూలు కంటే కాస్త తెల్లగా కూడా ఉంటుంది. వారానికో పది రోజులకో చివరలు నల్లబడి ఆరిపోతుంది. ట్యూబ్ నాసిరకం అనుకుని ఇంకో కంపెనీది తెస్తారు, అదీ పోతుంది. చోక్ మరీ పాడైతే స్టార్టర్ కలిసిన మరుక్షణం టప్‌మని ఫిలమెంట్ తెగుతుంది.

చోక్ లోపల వందల చుట్ల ఎనామిల్ తీగ (పైన కరెంటు దాటనివ్వని పూత ఉన్న తీగ) ఉంటుంది. ఎనామిల్ మాడి కొన్ని చుట్లు ఒకదానికొకటి తగిలితే చోక్ తెగదు, బలహీనపడుతుంది. దాంతో కరెంటు హద్దు దాటి ట్యూబ్‌లోకి పోతుంది. అందరినీ మోసం చేసేది మల్టీమీటరే. కంటిన్యుటీలో (తీగ తెగిందో లేదో చూసే సెట్టింగ్‌లో) బీప్ అంటుంది, 'చోక్ బాగానే ఉంది' అని మూసేస్తారు. బీప్ చెప్పేది తీగ తెగలేదని మాత్రమే. ఓమ్‌లు చూసినా కొన్ని చుట్లు కలిసినంత మాత్రాన అంకె పెద్దగా మారదు. చెయ్యి పెట్టి చూసినా తేలదు, మంచి చోక్ కూడా బాగా వేడెక్కుతుంది.

పట్టుకోవాలంటే సీరీస్ బోర్డు కావాలి, అంటే పరీక్షించే వస్తువుని ఒక బల్బు మీదుగా సప్లైకి కలిపే బోర్డు. చోక్‌ని పట్టీ (ట్యూబ్ బిగించే ఫిట్టింగ్) నుంచి విడదీసి, 100 వాట్ల గుండు బల్బుతో సీరీస్‌లో పెట్టి సప్లై ఇవ్వండి. మంచి చోక్ అయితే బల్బు స్పష్టంగా మసకగా వెలుగుతుంది. పూర్తి వెలుగొస్తే చోక్ షార్ట్ అయింది, అసలు వెలగకపోతే ఓపెన్, అంటే తీగ తెగింది. ఈ రెండింటి మధ్యలో ఉన్నదే చిక్కు. అందుకే అదే వాట్ల మంచి చోక్ ఇంకోటి తెచ్చి, అదే బల్బుతో మార్చి మార్చి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) ఉంటే, లైటు వెలుగుతుండగా చోక్ వైరు మీద కరెంటు చూడొచ్చు. 36 వాట్ల ట్యూబ్‌కి 0.43 ఆంపియర్లు, చోక్ లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఇంత చిన్న కరెంటు క్లాంప్‌కి సరిగ్గా అందదు కాబట్టి ముందే వైరుని పది చుట్లు చుట్టి, వచ్చిన అంకెని పదితో భాగించండి.

మూత తీయగానే మాడిన వార్నిష్ వాసన వచ్చినా, చోక్ కింద పట్టీ మీద తారు కరిగి నల్లటి చుక్క గట్టిపడి కనిపించినా ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. చోక్ తీసి పారేయండి.

చోక్ ఊరికే ఇలా కాదు. పైన చెప్పిన అతుక్కున్న స్టార్టర్, మిణుకుమనే ముసలి ట్యూబ్... వీటిని 'తర్వాత చూద్దాంలే' అని రోజుల తరబడి ఆన్‌లో వదిలేస్తారు. అన్నాళ్లూ చోక్ మామూలు కంటే ఎక్కువ కరెంటు మోస్తుంది, ఎనామిల్ మాడుతుంది. చిల్లర ఖర్చుతో పోయే స్టార్టర్ కోసం చూసుకుంటే ముందు చోక్ పోతుంది, ఆ తర్వాత ట్యూబులు పోతాయి. చోక్ మార్చిన రోజే స్టార్టర్ కూడా మార్చండి, పాతది మళ్లీ పెట్టొద్దు.

మిగతావి

గుయ్ మంటే పట్టీకి చోక్ బిగించిన స్క్రూలు బిగించండి. స్విచ్ ఆపాక కూడా చీకట్లో సన్నగా మినుకుతుంటే స్విచ్ న్యూట్రల్‌లో ఉంది. ఇన్వర్టర్ పెట్టించుకున్న ఇళ్లలో ఇది తరచుగా చూస్తాను. స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది, షాక్ కొడుతుంది. ఆ స్విచ్‌ని ఫేజ్‌లోకి మార్పించండి. అప్పటిదాకా మెయిన్ ఆపకుండా పట్టీ ముట్టుకోవద్దు. ఎలక్ట్రానిక్ చోక్ పోతే రిపేరు జోలికి పోకుండా కొత్తది వేసుకోండి, ఏ చివర జత వైర్లు ఆ చివరికే ఇవ్వండి.

ఎల్‌ఈడీ ట్యూబ్ కోసం చోక్ తీసేసి ఒకే చివరికి ఫేజ్, న్యూట్రల్ నేరుగా ఇచ్చిన పట్టీ అయితే దాని మీద మార్కర్‌తో రాసి పెట్టండి. తెలియక ఎవరైనా మామూలు ట్యూబ్ పెడితే 230 వోల్టులూ ఒక్క ఫిలమెంట్ మీద పడతాయి.