రోజుకో చిన్న పాస్టెల్ బొమ్మ: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ఇక్కడ చెప్పేదంతా సాఫ్ట్ పాస్టెల్ గురించే, అంటే సుద్దముక్కలా ఉండే రంగుపొడి పుల్లల గురించి. ఆయిల్ పాస్టెల్‌కు ఇందులో చాలామటుకు వర్తించదు. కాగితం 5×7 అంగుళాలు, సమయం గంట, ఎదురుగా ఒక కప్పో, నిమ్మకాయో, తాళంచెవుల గుత్తో ఉన్నాయనుకుందాం. పెద్ద బొమ్మలో ఒక మూల పాడైనా మిగతాది నిలబెడుతుంది, ఇంత చిన్నదానిలో ఆ వీలుండదు. చెడేవాటిలో ఎక్కువ రెండు చోట్లే మొదలవుతాయి. ఒకటి, కాగితం గరుకు ముందే నిండిపోవడం. రెండోది, ఏది ముదురు ఏది లేత అన్నది మొదట్లోనే తేల్చుకోకపోవడం.

పైపూత పట్టడం లేదు, పుల్ల జారిపోతోంది

నాలుగో పూతకే కాగితం నున్నబడి, కొత్త రంగు అంటకపోగా కింది రంగే లేచి వస్తుంటుంది.

కారణం: పాస్టెల్ పుల్లలో బంక చాలా తక్కువ, పొడి విడిపోకుండా పుల్లగా నిలబడేంత మాత్రమే. రంగును కాగితం మీద నిలిపేది ఆ బంక కాదు, కాగితం గరుకు. గరుకులోని సందులు నిండితే తర్వాతి పొడికి చోటుండదు. మొదటి పూతనే గట్టిగా అదమడం, మెత్తటి పుల్లలతో మొదలుపెట్టడం, వేలితో రుద్దడం, ఈ మూడూ సందుల్ని తొందరగా నింపేస్తాయి.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది: బోర్డును నిలువుగా పట్టుకుని, అర అంగుళం వెడల్పున్న బిరుసు కుంచెతో ఆ భాగాన్ని పైనుంచి కిందికి దులపండి. మిగిలిన పొడిని మెత్తని ముద్ద రబ్బరుతో (నీడెడ్ ఇరేజర్) అద్ది తీయండి. రుద్దితే పొడి ఇంకా లోపలికి దిగుతుంది. సాండెడ్ పేపరైతే, అంటే ఉప్పుకాగితంలా గరుకు పూత ఉన్న పాస్టెల్ కాగితమైతే, గరుకు దాదాపు పూర్తిగా తిరిగొస్తుంది. మామూలు పాస్టెల్ కాగితమైతే దులిపాక వర్కబుల్ ఫిక్సేటివ్ (పొడిని పట్టి ఉంచే స్ప్రే, దానిమీద మళ్ళీ రంగు వేయొచ్చు) పల్చగా ఒక్కసారి కొట్టండి, మరో రెండు పూతలకు చోటు దొరుకుతుంది.

రేపటి బొమ్మకు: గట్టి పుల్లలు ముందు, మెత్తనివి చివర. కంపెనీ పేర్లలో చెప్పాలంటే, న్యూపాస్టెల్ లాంటి గట్టివాటితో మొదలుపెట్టి, రెంబ్రాంట్ లాంటి మధ్యరకానికి వచ్చి, సెన్నెలియే లాంటి బాగా మెత్తనివాటిని ఆఖరి వెలుగులకు అట్టేపెట్టుకోండి. మొదటి రెండు పూతలకు పుల్ల బరువే చాలు, చేతి బరువు అక్కర్లేదు. పుల్లను రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి పక్కవాటుగా వాడండి. కొత్త పుల్ల విరవడానికి మనసొప్పదు, కానీ విరవని పుల్ల కొసతో గీతలే వస్తాయి, పూత రాదు.

కాగితం సంగతి కూడా చూసుకోవాలి. కాన్సన్ మి-తెంత్ అనే పాస్టెల్ కాగితానికి ఒకవైపు తేనెపట్టు లాంటి అచ్చు, రెండోవైపు సన్నటి గరుకు ఉంటాయి. చిన్న బొమ్మకు సన్నటివైపే మేలు, లేకపోతే ఆ అచ్చు నిమ్మకాయ మీద వలలా కనిపిస్తుంది. సాండెడ్ పేపర్‌లో గరుకును తెలిపే అంకె (గ్రిట్) పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. ఈ కొలతకు 400 నుంచి 600 మధ్యవి బాగుంటాయి.

రంగులు బురదైపోయాయి

కారణం సాధారణంగా రుద్దడమే. ఎరుపు మీద ఆకుపచ్చ, నారింజ మీద నీలం, పసుపు మీద ఊదా వేసి వేలితో కలిపితే రెండూ చచ్చి బూడిదరంగు మిగులుతుంది. అవే రంగుల్ని రుద్దకుండా, కింది రంగు సందుల్లోంచి కనబడేలా తేలిగ్గా వేస్తే అదే బూడిదరంగు ప్రాణంతో ఉంటుంది. రెండో కారణం మురికి పుల్లలు. పెట్టెలో ఒకదాన్నొకటి రాసుకుని ప్రతి పుల్లకూ పక్కదాని పొడి అంటుతుంది. పసుపనుకుని గీస్తే ముందు నీలం గీత పడుతుంది.

పరిష్కారం: బురదైనచోట ఇంకో రంగు వేసి దాచాలని చూడకండి. దులిపి, అంతే ముదురున్న ఒకే శుభ్రమైన రంగు వేయండి. ఒక్కోచోట మూడు రంగులకు మించనివ్వకండి. మొదలుపెట్టేముందే 12 నుంచి 15 పుల్లలు ఏరి పళ్ళెంలో పెట్టుకుంటే చేయి పెట్టెమీదికి పోదు. కుడిచేత్తో గీస్తూ ఎడమచేతి గుడ్డతో పుల్ల కొసను తుడుచుకోవడం అలవాటు చేసుకోండి. బాగా మాసిన పుల్లల్ని మూతున్న డబ్బాలో బియ్యంతో పాటు వేసి నిమిషంపాటు తేలిగ్గా ఊపితే పైమురికి పోతుంది.

రుద్దితీరాల్సి వస్తే మొదటి పూత ఒక్కటే రుద్దండి, అదీ స్పాంజి ముక్కతో. వేలి జిడ్డు అంటినచోట తర్వాతి రంగు సరిగా పట్టదు.

బొమ్మ చదునుగా ఉంది, వస్తువు గుండ్రంగా రాలేదు

రంగులు మార్చి ప్రయోజనం లేదు. ఫోన్‌తో ఫోటో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. అంతా ఒకే బూడిదరంగులో కలిసిపోయిందంటే తప్పు ముదురు-లేతల్లోనే ఉంది.

పాస్టెల్‌లో ఇది తరచుగా జరగడానికి కారణాలున్నాయి. చిన్న పెట్టెల్లో మధ్యస్థాయి రంగులే ఎక్కువ, నిజంగా ముదురువి రెండో మూడో ఉంటాయి. పైగా తెల్లకాగితం మీద ఏది గీసినా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, చేయి వెనక్కి తగ్గి అన్నీ లేతగా వేస్తుంది. ఆఖర్లో నీడల్ని ముదురు చేద్దామంటే గరుకు మిగలదు.

పరిష్కారం: కాగితం ముట్టుకునేముందు రెండంగుళాల చతురస్రంలో పెన్సిల్‌తో మూడే స్థాయిలు నింపండి: ముదురు, మధ్య, లేత. కళ్ళు చికిలించి చూస్తే అవే తేలుతాయి. మూడు నిమిషాల పని, దీన్ని వదిలేయకపోవడమే మంచిది. తర్వాత అసలు కాగితం మీద అన్నిటికన్నా ముదురు భాగం ముందు వేయండి. అందుకు ఒక్క నలుపే వాడితే అక్కడ గుంటపడినట్టు కనిపిస్తుంది. ముదురు నీలం మీద ముదురు గోధుమరంగు పూస్తే నీడకు లోతొస్తుంది.

మధ్యస్థాయి బూడిదరంగు కాగితం వాడితే సగం సమస్య తీరుతుంది. తెల్ల సాండెడ్ పేపరే ఉంటే గట్టి పుల్లను పక్కవాటుగా పూసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బల్లపరుపు కుంచెతో పరిచేయండి. కొద్ది నిమిషాల్లో ఆరుతుంది, గరుకు అలాగే ఉంటుంది. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. పల్చటి కాగితాలకు ఈ పని వద్దు, ఉబ్బి అలలు తేలతాయి.

తెల్లకప్పు సుద్దముక్కలా కనిపిస్తోంది

లేతగా కావాలన్నచోటల్లా తెల్లపుల్ల వేశారు. తెలుపు కలిసిన రంగు వెలగదు, పాలిపోతుంది. లేతరంగు కావాలంటే ఆ లేతరంగు పుల్లే తీసుకోండి: లేత పసుపు, లేత గులాబి, లేత నీలం. కప్పు నీడవైపు తెలుపే కాదు, అది బూడిదరంగు. బల్ల రంగు కూడా కింది నుంచి దానిమీద పడుతుంది. అచ్చమైన తెలుపు మెరుపుచుక్కకు మాత్రమే, అదీ చిట్టచివర ఒక్క అద్దుతో. దాన్ని సరిదిద్దబోతే పోతుంది.

గీస్తుండగానే నీడ జరిగిపోయింది

కిటికీ వెలుగైతే తప్పదు. మొదటి రెండు నిమిషాల్లో నీడల హద్దులు గీసేసి, ఇక వాటిని మార్చకండి. ఒక్క దీపం పక్కనుంచి పడేలా పెట్టి, గదిలో మిగతావి ఆర్పేస్తే ఇంకా సుఖం.

కప్పు మూతి వంకరగా ఉంది

మూతి దీర్ఘవృత్తం కొసలు మొనదేలకూడదు, గుండ్రంగా తిరగాలి. పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు వంపు మూతి వంపుకన్నా ఎక్కువ గుండ్రంగా ఉంటుంది. చాలామంది అడుగును సరళరేఖగా గీయడం వల్లే కప్పు బల్లమీద కూర్చోదు.

కత్తిరించి అతికించినట్టుంది

అంచులన్నీ ఒకేలా పదునుగా ఉన్నాయి. చూపు నిలవాల్సినచోట ఒక్క అంచునే పదునుగా ఉంచండి. వస్తువు చీకటివైపు దాని నీడలో కలిసేచోట గీతే లేకుండా రెంటినీ కలిపేయండి.

ఫిక్సేటివ్ కొట్టగానే వెలుగులు ఆరిపోయాయి

పొడి రేణువుల మధ్య గాలి ఉన్నందువల్లే పాస్టెల్‌కు ఆ కాంతి. ఫిక్సేటివ్ ఆ సందుల్ని నింపగానే రంగు ముదురుతుంది, లేతరంగులకు దెబ్బ ఎక్కువ. అందుకే పూర్తయిన బొమ్మ మీద కాదు, మధ్యలో వాడాలి. ఫ్రెంచి చిత్రకారుడు దెగా కూడా పూతకూ పూతకూ మధ్యనే ఫిక్సేటివ్ వాడేవాడు. 30 సెంటీమీటర్ల దూరం నుంచి, స్ప్రేను కాగితం బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ, పల్చగా రెండుసార్లు కొట్టండి. పూర్తిగా ఆరాక వెలుగులు మళ్ళీ వేయండి. ఇప్పటికే వెలుగులు తగ్గిపోయిన బొమ్మకూ మందు అదే, వాటిని మళ్ళీ వేయడం.

గదంతా పొడి

ఊదకండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ వంటివి ఉంటాయి, ఊదిన పొడి తిరిగి ఊపిరిలోకే వస్తుంది. బోర్డును పైభాగం కాస్త ముందుకు వంచి నిలబెడితే పొడి బొమ్మ మీద కాకుండా కింద పడుతుంది. అక్కడ తడి కాగితం పరిచిన పళ్ళెం పెట్టండి. నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. దులిపేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

దాచిన బొమ్మలు చెదిరిపోయాయి

ఒకదానిమీద ఒకటి జరగడం వల్లే చెదిరేది. ముందు బొమ్మను నిలువుగా పట్టుకుని వెనకనుంచి రెండుసార్లు తట్టి వదులు పొడి రాల్చండి. పైన గ్లాసైన్ కాగితం (పొడి అంటుకోని నున్నటి పల్చటి కాగితం) కప్పి, అది కదలకుండా ఒక అంచును టేపుతో వెనక్కి అతికించండి. బొమ్మల్ని పరుపుగా పేర్చండి, మధ్యలోది కావాలంటే లాగకుండా పైవి ఎత్తి తీయండి. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ బొమ్మకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం వచ్చేలా మౌంటు (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం) పెట్టించండి. అద్దానికి బదులు మామూలు యాక్రిలిక్ షీటు వద్దు, దానిలో పుట్టే స్థిరవిద్యుత్తు పొడిని కాగితం నుంచి లాగేస్తుంది.